ఒక్క గుక్కలో అనాల్సిన మాట

మా అన్నతో ఆడిన ఆటకు ఒకటే షరతు. పొడవాటి ఇంగ్లిష్ మాటను ఒక్క గుక్కలో అని, తర్వాత అర్థం చెప్పాలి. మధ్యలో ఊపిరి తీసుకుంటే ఓడినట్టే. కబడ్డీ కూత నుంచి తెచ్చిన షరతు అది. మా జనగామ గల్లీలో అన్న అంతసేపు కూత నిలిపేవాళ్లు ఎవరూ లేరు.

ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్ అంటే దేన్నైనా పూచికపుల్లలా తీసిపారేయడం. అన్నం దగ్గర నేను వంకలు పెడితే ఆ మాటతోనే ఎక్కిరించేవాడు. ఓడిపోయి ఏడిస్తే మాత్రం, మరుసటి ఆటలో కావాలనే మధ్యలో ఆగి నన్ను గెలిపించేవాడు. నాకది తెలిసిపోయి ఇంకా ఒళ్లు మండేది.

పెద్దయ్యాక అన్న భూపాలపల్లిలో బొగ్గుబాయి పనికి కుదిరి గనిలోకి దిగాడు. నేను మహబూబాబాద్‌లో ఇంగ్లిష్ టీచర్నయ్యాను. ఆట ఫోన్లోకి మారింది. ఆదివారం పొద్దున పలకరింపుకంటే ముందు మాట చెప్పుకోవాలి. ఒకసారి నేను అన్నింటికంటే పొడవైనది పట్టుకొచ్చాను: న్యుమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కనోకోనియోసిస్. కంటికి కనబడని దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే జబ్బు. డాక్టర్లు వాడే మాట కాదట, ఇలాంటి సరదాల కోసమే ఎవరో పుట్టించారట. అన్న దాన్ని గుక్క తిప్పుకోకుండా అనేశాడు. అప్పటి నుంచి అది ఆయన సొంత మాటైపోయింది.

కొన్నేళ్లకు ఒక ఆదివారం ‘సిలికో’ దగ్గర ఆగిపోయాడు. ఫోన్లో గాలి చప్పుడు వినిపించింది. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ అక్కడే ఆగాడు.

“ఏందన్నా, నన్నింక చిన్నపిల్లనే అనుకుంటున్నవా? కావాలనే ఓడిపోతున్నవ్ గదా!” అని గయ్యిమన్నాను.

“అవ్ చెల్లె, దొరికిపోయిన,” అన్నాడు.

ఆ తర్వాత వారం వారం నేనే గెలిచాను. వారం వారం ఆయన్ని తిట్టాను.

ఒకరోజు వదిన ఫోన్ చేసింది. “మీ అన్న నాలుగడుగులు ఏస్తలేడు. దవాఖానకు తీస్కచ్చిన, జర జల్ది రా.” నేను వెళ్లేసరికి డాక్టరు ఎక్స్‌రే చూస్తున్నాడు. ఊపిరితిత్తుల నిండా దుమ్మేనని, చాలా ఆలస్యం చేశారని చెప్పాడు. ఆ పొడవాటి మాటకు అర్థం నాకెప్పుడో తెలిసిందే. అన్న మీద వచ్చినంత కోపం నాకు ఇంకెవరి మీదా రాలేదు.

“ఎందుకు చెప్పలే నాకు?” అని మంచం పక్కన నిలబడి అరిచాను.

అన్న మాట మాటకూ ఆగి ఊపిరి తీసుకున్నాడు. “నువ్వు... గెలుస్తున్నవ్ గదనే... కావాలనే ఓడుతున్ననని... అనుకోనీ అనుకున్న.”

అన్న పోయాడు. క్లాసులో పిల్లలు అప్పుడప్పుడు, అన్నింటికంటే పెద్ద మాటేదో చెప్పమని అడుగుతారు. మొదలుపెడతాను. సగానికి వచ్చేసరికి ఆ గాలి చప్పుడు నా చెవి పక్కనే వినిపిస్తుంది. నాలో ఊపిరి ఇంకా చాలా ఉంటుంది, అయినా ఆపేస్తాను. అన్న ఆగిన చోటు దాటిపోతే ఈసారి నేను నిజంగానే గెలిచినట్టవుతుంది. నాకా గెలుపు వద్దు.