పొంగని రొట్టె తగాదా

మా మావయ్య ఎవరు ఏమన్నా ముందు ‘కాదు’ అంటాడు. ఏది కాదో తర్వాత తీరిగ్గా ఆలోచించుకుంటాడు.

కళ్ళజోళ్ళ దుకాణం నడిపిన రోజుల్లో, వచ్చినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి గోడమీది అక్షరాలు చదవమనేవాడు. సరిగ్గా చదివినవాడికి కూడా ‘కాదు’ అనేవాడు. పాపం, అతను కళ్ళు నులుముకొని మళ్ళీ చదివేవాడు. మళ్ళీ ‘కాదు’. చివరికి అతను లేచి గోడ దగ్గరికి వెళ్ళి, అక్షరం మీద వేలు పెట్టి దెబ్బలాటకు దిగేవాడు. అప్పుడు మావయ్య సంతోషించి, “మీకు కళ్ళజోడు అక్కర్లేదు, వెళ్ళిరండి” అనేవాడు. దుకాణం ఎందుకు మూతపడిందని మా ఇంట్లో ఎవరూ అడగరు.

“వర్షం వస్తోంది, గొడుగు తీసుకెళ్ళండి” అంటుంది అత్తయ్య.

“కాదు.”

“ఏమిటి కాదు? వర్షమా, గొడుగా?”

“వెళ్ళడం” అని, తొడుక్కున్న చెప్పులు విప్పి కూర్చుంటాడు.

మహమ్మారి వచ్చి వీధులు మూతపడ్డాక మావయ్యకు ‘కాదు’ అనడానికి మనుషులు కరువయ్యారు. అత్తయ్య ఒక్కతే ఎంతకని భరిస్తుంది? చేతికి ఫోనిచ్చి, ఊళ్ళోవాళ్ళంతా రాసుకునే గ్రూపులో చేర్పించింది. “ఇక వాళ్ళ ఖర్మ” అంది.

నేను వాళ్ళింటి మేడమీద గదిలో ఉంటాను. ఆ రోజుల్లో నా ఉద్యోగం ఊరి మాటలు చదవడం. జనం ఫోన్లలో బహిరంగంగా రాసుకునేదంతా మా ఆఫీసుకు వచ్చేది. దేనికి భయపడుతున్నారు, ఏ పుకారు నమ్ముతున్నారు, ఎవరికి మందులు దొరకడం లేదు, ఇవన్నీ విడదీసి ఆసుపత్రులకు చెప్పేవాళ్ళం. మా కంప్యూటరు ప్రతి మనిషినీ ఒక చుక్కగా, ఒకరికొకరు ఇచ్చుకునే జవాబుల్ని గీతలుగా చూపించేది. తప్పుడు మాటలు పుట్టే చుక్క ఎర్రగా ఉబ్బేది.

ఒక ఉదయం తెర నడుమ ఒక ఎర్రచుక్క గుమ్మడికాయంత అయి కూర్చుంది.

“ఊళ్ళో ఇంత అబద్ధాలకోరు ఎవరండీ?” మా అధికారిణి వీడియోలో అడిగింది. “సాయంత్రంలోగా వివరాలివ్వండి. గ్రూపులోంచి తీసేయిద్దాం.”

చుక్కను తెరిచాను. ‘కాదు. నదులు సముద్రంలో పుట్టి కొండల మీదికి పోతాయి.’ దాని కింద, ‘కాదు. చొక్కాకు కుడి చెయ్యి, ఎడమ చెయ్యి అని ఉండవు. ఏది ఎటు కుట్టినా ఒకటే.’ ఇంకా కింద, ‘కాదు. రొట్టె పిండి పొంగనక్కర్లేదు. పొంగడం బేకరీవాళ్ళ మోసం.’

పేరు చూడకుండానే తెలిసిపోయింది. ఆ చుక్క సరిగ్గా నా కాళ్ళ కింది గదిలోనే ఉంది. రాసేదంతా పైకి అరుస్తూ మరీ రాస్తోంది.

మెట్ల మీదినుంచి పిలిచాను. “మావయ్యా, నిన్ను గ్రూపులోంచి తీసేస్తారట.”

“కాదు.”

“నిజంగానే. ఊళ్ళో అబద్ధాలన్నిటికీ నువ్వే మూలమట.”

“అన్నిటికీనా?” ముఖం వెలిగిపోయింది. “ఆ మాట మీ అత్తయ్యకు చెప్పు.”

“విన్నాను, మురిసిపోకండి” అంది అత్తయ్య లోపల్నించి. “అక్కడ తీసేస్తే మళ్ళీ నా నెత్తినే.”

“అసలు ఇవన్నీ ఎందుకు రాస్తావు మావయ్యా?”

“తోచక” అన్నాడు. గొంతు తగ్గించాడు. “ఇంకో రెండు రోజులు ఓపిక పట్టమను అమ్మాయ్. రొట్టెలాయన ఇంకా బాగా తిట్టలేదు.”

ఆ మాటతో మళ్ళీ మేడెక్కాను. మా పనిలో జవాబుల్ని లెక్కపెడతాం. అవి దేనికి జవాబులో వెనక్కి వెళ్ళి చూసే తీరిక ఉండదు. ఆ రోజు వెనక్కి వెళ్ళి చదివాను.

భూగోళం మాస్టారు జబ్బుపడి లేచాక ‘ఏదీ గుర్తుండటం లేదు, ఇక నేనెందుకూ పనికిరాను’ అని రాశాడు. కింద జనం దండాల బొమ్మలూ పువ్వుల బొమ్మలూ పెట్టారు. మాస్టారు ఒక్కరికీ బదులివ్వలేదు. అప్పుడు మావయ్య నదుల్ని కొండలెక్కించాడు. మాస్టారు మంచం మీద లేచి కూర్చుని, నదిని పుట్టినచోటి నుంచి సముద్రం దాకా ఒక్క మలుపు వదలకుండా నడిపించాడు. ‘నిన్ను పాసు చేసినవాణ్ణి అనాలి’ అని ముగించాడు.

కొడుకును ఆసుపత్రిలో చేర్చిన దర్జీ ఆవిడ, మిషను ముందు కూర్చున్నా చేతులాడటం లేదని రాసింది. చొక్కా చేతుల గురించి మావయ్య మాట చూశాక, ఒక చెయ్యి అప్పటికప్పుడు కుట్టి ఫొటో పెట్టింది. ‘ఇది కుడిది. కళ్ళజోడు పెట్టుకుని చూడు.’

ఇక బేకరీ పెద్దాయన. ఆయన ఇల్లాలు ఆ జబ్బుతోనే పోయింది. కడసారి చూపు కూడా దక్కలేదు. ‘కొట్టు మూసేశాను. నన్నెవరూ పలకరించకండి’ అని రాసి తలుపేసుకున్నాడు. ఓదార్పులు కుప్పపడ్డాయి. దేనికీ ఉలుకూ పలుకూ లేదు. అలాంటి మనిషి గడపలో నిలబడినట్టు మావయ్య, పిండి పొంగడం మోసమని రాశాడు.

‘ఎవడ్రా నువ్వు?’

మా కంప్యూటరు ఆ మాటను తిట్ల కోవలో వేసింది. తలుపేసుకున్నాక ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

ఎర్రచుక్కలోంచి బయల్దేరిన గీతలన్నీ, ఎక్కడెక్కడ మాట ఆగిపోయిందో వెతుక్కుంటూ అక్కడికే వెళ్ళాయి. ఇన్ని అబద్ధాలాడిన మావయ్య, వ్యాధి గురించి మాత్రం ఒక్క తప్పుమాట రాయలేదు. అంత మెలకువగా అబద్ధమాడటం నేనెక్కడా చూడలేదు.

అధికారిణికి ఫోన్లో వీడియో కాల్ చేసి అంతా చెప్పాను.

“కోపం తెప్పించడం సాయం ఎలా అవుతుందండీ?”

“తెలీదు మేడం. కానీ వాళ్ళు మాట్లాడుతున్నారు.”

“తిడుతున్నారు. నేను పైవాళ్ళకు ఏమని రాయను?”

ఇంతలో కింద వీధిలో కేక వినిపించింది.

“ఒరేయ్ కళ్ళజోళ్ళూ! బయటికి రా!”

కిటికీలోంచి చూశాను. బేకరీ పెద్దాయన. ముక్కుకూ నోటికీ గుడ్డ, మోచేతుల దాకా పిండి. గేటు స్తంభం మీద ఒక పొట్లం పెట్టి, వీధి అవతలికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“పొంగించకుండా కాల్చాను. తిను! నా కళ్ళ ముందే తినాలి!”

ఫోను కిటికీ వైపు తిప్పాను. అధికారిణి కూడా చూస్తోంది.

మావయ్య పొట్లం విప్పాడు. రొట్టె గేటుకు తగిలి ఠంగుమంది. రెండు చేతులా పట్టుకుని కొరికాడు. ఏదో విరిగింది. రొట్టె మాత్రం చెక్కుచెదరలేదు.

“ఎలా ఉంది?”

“వెన్నే” అన్నాడు మావయ్య, దవడ కదిలించకుండా.

పెద్దాయన నడుం పట్టుకుని వంగిపోయాడు. ఏమైందోనని హడలిపోయాను. నవ్వుతున్నాడు. నవ్వీ నవ్వీ మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

“మొండివెధవా! రేపు పొంగిన రొట్టె తెస్తాను. రెండూ పక్కపక్కన పెట్టుకుని తిని చెప్పు.”

“తిన్నా ఒప్పుకోను.”

“నిన్నెవడు ఒప్పుకోమన్నాడు!”

వచ్చిన దానికంటే వేగంగా వెళ్ళిపోయాడు. రేపటికి పిండి ఇప్పుడే కలుపుకోవాలి మరి.

“ఆ రొట్టె సంగతి తేలేదాకా ఆయన జోలికి వెళ్ళకండి” అంది అధికారిణి. “తేలనివ్వకండి కూడా.”

పెద్దాయన మలుపు తిరిగేదాకా మావయ్య పెదవులు బిగించి చెయ్యి ఊపాడు. తర్వాత గోడవైపు తిరిగి, కట్టుడు పళ్ళ సెట్టు రెండు ముక్కలుగా తీసి అత్తయ్య చేతిలో పెట్టాడు.

“బాగుంది సంబడం. రేపు ఆయన తెచ్చేది దేంతో తింటారు?” అంది అత్తయ్య.

మావయ్య వీధికేసి ఒకసారి తొంగిచూసి, ఎవరూ లేరని రూఢి చేసుకున్నాడు.

“అది పొంగిన రొట్టేగా” అన్నాడు బోసినోటితో. “పళ్ళతో పనేముంది?”