వంకరగా ఉండాల్సిన టెలిస్కోపు

మా ఫిజిక్స్ సారు పోయారన్న కబురు వనపర్తి బస్టాండులో చాయ్ తాగుతుంటే తెలిసింది. కాలేజీ వాట్సాప్ గ్రూపు నిండా జోడించిన చేతుల బొమ్మలు. డాబా మీది టెలిస్కోపు గదికి తాళం వేయించాలని చూసినవాళ్లు రెండేసి జతలు పెట్టారు. నేను వినయంగా పళ్లు కొరుక్కున్నాను.

ఆ మధ్య వచ్చిన భూకంపం మా ఊళ్లో గిన్నెలను గలగలలాడించి పోయింది. దెబ్బ తగిలింది టెలిస్కోపుకే. దాని దిమ్మె జరిగింది. శనిగ్రహానికి గురిపెడితే పక్కనున్న ఖాళీ ఆకాశం కనిపించేది.

"ఖరాబైంది, స్టోర్‌రూం చేద్దాం," అన్నారు ప్రిన్సిపాల్.

"కన్ను మంచిగనే ఉంది సారూ, మెడ పట్టేసింది. జర ఆగుర్రి," అన్నారు మా సారు.

పాఠకులకు ఒక మనవి. టెలిస్కోపు తిరిగే ఇరుసు ధ్రువనక్షత్రం వైపు చూడాలి. మా పాలమూరు వైపు ధ్రువుడు బాగా కిందికి ఉంటాడు కాబట్టి, ఇరుసు దాదాపు పడుకున్నట్టే ఉండాలి. సారు రోజూ పొద్దుగూకగానే జేబునిండా పల్లీలతో వచ్చి, ఒక చుక్కకు గురిపెట్టి, తప్పిన మేరకు మర తిప్పి, ఇంకో చుక్క వెతికేవారు. పల్లీ పొట్టు నేల మీద పడితే మాత్రం ఎవరినీ క్షమించేవారు కాదు.

"ఈ మర దగ్గర గుర్తు గీసుకుందాం సార్," అన్నానొకసారి.

"గీత గీస్తే గీతనే నమ్ముతవు బిడ్డా, చుక్కను సూడవు. భూమి కదిలితే తప్పు చుక్కదా? మనమే సర్దుకోవాలె."

శని సరిగ్గా నడుమకు వచ్చిన సాయంత్రం మిగిలిన పల్లీలన్నీ నాకే ఇచ్చేశారు. ఆయన పల్లీలు ఇవ్వడమంటే పద్మశ్రీ కింద లెక్క. "ఇగ రేపు హాస్టల్ పిల్లలను పిలువు," అన్నారు. వాళ్లు రాకముందే, ఆ రాత్రి ఇంట్లో ఆయన గుండె ఆగింది.

సంతాప సభ టెలిస్కోపు పక్కనే పెట్టారు. దానికి బంతిపూల దండ. ఇరుసు సిపాయిలా నిటారుగా ఉంది.

"భూకంపానికి పడిపోయినట్టుండె. ఫొటోల వంకర వస్తదని మేస్త్రీతోని సక్కగ నిలబెట్టించిన," అన్నారు ప్రిన్సిపాల్.

"పడిపోలేదు సార్. ధ్రువున్ని సూస్తుండె."

"గట్లనా? ముందు ఫొటో కానియ్యి."

ఆ ఫొటోలో శ్రద్ధాంజలి ముఖం పెట్టనిది నేనొక్కణ్నే. సారు నాకు అప్పగించిన గది తాళంచెవిని సభకని ఒకసారి ఇచ్చాను, మళ్లీ ఇవ్వనని ప్రిన్సిపాల్ ముఖం మీదే చెప్పాను.

ఇవాళ పొద్దుగూకాక దండ తీసేసి, మరలు వదులు చేసి, ఇరుసును పడుకోబెట్టాను. ఉత్తరాన బస్టాండు దీపాల పైన ధ్రువుడు మసకగా కంటద్దం అంచుకు తగిలాడు. నడుమకు ఇంకా రాలేదు. మెట్ల మీద హాస్టల్ పిల్లల చెప్పుల చప్పుడు. నేల నిండా బంతి రేకులు. సారు పల్లీ పొట్టుకే ఊరుకోని మనిషి.