రేపల్లె మిషను తన కుట్టు తనే మార్చుకుంది

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి బయటికి వెళ్ళిపోయే రకం నేను. తెనాలిలో పాతికేళ్ళుగా కుట్టు మిషన్లు బాగుచేస్తున్నాను. మిషను దానంతట అదే ఏదో చేసిందని ఎవరన్నా అంటే, ఏ స్ప్రింగు అరిగిందో చూస్తాను తప్ప ఇంకోలా ఆలోచించను. ఈ సంగతి కూడా అలాగే చూశాను.

మా అక్క సరోజ బాపట్లలో ఉంటుంది. బావ కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపుతాడు. చెట్టెక్కేటప్పుడు నడుముకి కట్టుకునే నైలాను బెల్టులు బావకీ, ఆయనతో పనికెళ్ళేవాళ్ళకీ అక్కే కుడుతుంది. ఇంట్లో మిషను అంత మందం లాగలేకపోతోందని, రెండేళ్ళ కిందట రేపల్లెలో ఒక పాత ఫ్యాక్టరీ మిషను కొన్నాం. దాని మీద జీవితమంతా పనిచేసిన టైలరు చనిపోతే, ఆయన భార్య రత్నమ్మగారు అమ్మారు.

ఆ మిషనులో కుట్టు పొడుగు మార్చడానికి బయట పిడి ఉండదు. అడుగు పలక మీద చిన్న బటను ఉంటుంది. ఎడమచేత్తో దాన్ని నొక్కిపట్టి, కుడిచేత్తో చక్రం నెమ్మదిగా తిప్పాలి. ఒకచోట బటను లోపలి గాడిలో టక్కుమని పడుతుంది. అప్పుడు చక్రాన్ని ఇటో అటో తిప్పితే, గుడ్డని లాగే పళ్ళు ఎంత దూరం జరగాలో మారుతుంది. బటను వదిలేస్తే అక్కడే బిగుసుకుంటుంది. రెండు చేతులూ పెట్టకుండా అది మారదు.

"బాగా దగ్గర కుట్టు పెట్టరా. మనుషులు దాని మీద వేలాడతారు" అంది అక్క. నాకూ సబబే అనిపించింది. ఎంత చిన్న కుట్టు పడుతుందో అంతకే పెట్టి వచ్చాను.

నాలుగు బెల్టులు బాగానే కుట్టింది. ఐదోది మొదలుపెడుతుండగానే కుట్టు ఒక్కసారిగా రెట్టింపు పొడుగైంది. ఆ బెల్టు అలాగే ముగించి, అక్క నాకు ఫోను చేసి, ఎలాగో కనుక్కుని సరిచేసుకుంది. ఆరోదీ అంతే అయింది.

మర్నాడు రైలెక్కి వెళ్ళాను. మిషను విప్పి చూస్తే లోపల ఏదీ అరగలేదు. అయినా బటను స్ప్రింగు కొత్తది వేశాను. మళ్ళీ చిన్న కుట్టుకి పెట్టి, సూది కింద బెల్టులకి వాడే నైలాను పట్టీ ముక్క ఉంచి, మోటారు ప్లగ్గు పీకి, చేతులు కడుక్కొచ్చి కూర్చున్నాను. మధ్యాహ్నం మూడు గంటలు. అక్క రెండు చేతుల్లో టీ గ్లాసులు పట్టుకుని నా ఎదురుగా నిలబడింది.

చక్రం మెల్లగా తిరిగింది. బటను లోపలికి దిగి టక్కుమంది. చక్రం ఇంకో పావు చుట్టు తిరిగి ఆగింది. బటను పైకి లేచింది.

"ఏంట్రా అది?" అంది అక్క.

"స్ప్రింగు అయ్యుంటుంది" అన్నాను. కాదని నాకు తెలుసు. ప్లగ్గు పెట్టి కుట్టి చూస్తే పొడుగు కుట్టే పడింది.

కుట్టు చెడిన ఆ రెండు బెల్టులూ బయటివాళ్ళకి ఇవ్వడానికి అక్కకి మనసొప్పలేదు. బావనే కట్టుకోమంది. దగ్గర కుట్టువి నాలుగూ తోటివాళ్ళకి వెళ్ళాయి.

పదిహేను రోజుల తరవాత, బావతో పనిచేసే యేసోబు చెట్టు మొదట్లో నిలబడి, ఎక్కబోయే ముందు అలవాటుగా బెల్టుని గట్టిగా గుంజి చూశాడు. కుట్టు వెంబడి పట్టీ రెండుగా చిరిగింది. దారం తెగలేదు. మిగిలిన మూడూ తెప్పించి, చెట్టుకి కట్టి ఇద్దరేసి లాగారు. రెండు అలాగే పోయాయి. బావ దగ్గరున్నవి మాత్రం నలుగురు లాగినా చెక్కుచెదరలేదు.

సూది పోట్లు మరీ దగ్గరగా పడితే మందపాటి పట్టీ తపాలాబిళ్ళల కాగితంలా చిల్లులుపడి బలం పోగొట్టుకుంటుంది. నాకు తెలియాల్సిన సంగతే. పాతికేళ్ళూ చొక్కాలు కుట్టే మిషన్లతోనే గడిచిపోయి, అంతదూరం ఆలోచించలేదు. తరవాత యేసోబు ఇంటికి వెళ్ళి తప్పు నాదేనని చెప్పాను. "ఎక్కలేదుగదండీ, పోనివ్వండి" అన్నాడు. ఆయన భార్య మాత్రం లేచి లోపలికి వెళ్ళిపోయింది.

అక్కణ్ణించి రేపల్లె వెళ్ళాను. బెల్టుల గొడవ ఎత్తకుండా, కుట్టు దానంతట అదే మారిపోతోందని మాత్రమే రత్నమ్మగారితో అన్నాను.

"ఆయన మిల్లుల్లో బస్తాలెత్తే పట్టీలు కుట్టేవారు బాబూ" అన్నారావిడ. "పట్టీకి చిన్న కుట్టు పెడితే ఊరుకునేవారు కాదు. పనివాళ్ళెవరన్నా పెట్టారనుకో, ఒక్క మాటా అనకుండా లేచెళ్ళి, మళ్ళీ తిప్పేసొచ్చి కూర్చునేవారు."

ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను.

అప్పటినుంచి బెల్టులన్నీ పొడుగు కుట్టుతోనే కుడుతోంది అక్క. మిషను మళ్ళీ మారలేదు. మొన్నామధ్య అనుమానం తీరక, చిన్న కుట్టు పెట్టి వారం రోజులు దిండు గలీబులు కుట్టించాను. కుట్టు ఇసుమంతైనా జరగలేదు. అంటే మిషనులో లోపం లేదు.

"పట్టీ పెట్టి చూద్దామా?" అంది అక్క.

వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో నాకే సరిగ్గా తెలియదు. ఆ చక్రం ఎలా తిరిగిందో అసలే తెలియదు.