ఇబ్రాహీం ఏకని పరుపు

ఆదిలాబాద్‌లో మా గల్లీ వాళ్లందరికీ పరుపులు కుట్టిచ్చిన ఇబ్రాహీం, భార్య షహర్ బానో పోయినప్పటి నుంచి చాప మీదే పడుకున్నాడు. మహా మొండివాడు. చలికాలం ముందు అందరి పాత పరుపులూ విప్పి, దూది ఎండబెట్టి, ఏకి, మళ్లీ కుట్టి ఇస్తాడు. తన ఇంట్లో పరుపును మాత్రం ముట్టుకోలేదు. షహర్ బానో ఏళ్లుగా పడుకున్న చోట దానికి పల్లం పడింది. దూది ఏకితే ఆ పల్లం పోతుంది. ఈ సంగతి కన్నకూతురికి కూడా చెప్పలేదు.

ఆ కూతురు యాస్మీన్ బడిలో ఇంగ్లీషు చెబుతుంది. మాటల పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం ఆమెకు పిచ్చి. ఒక ఆదివారం పొద్దున 'మ్యాట్రెస్' వెంట పడింది. ఇంగ్లీషుకు ఆ మాట ఫ్రెంచి నుంచి వచ్చింది, ఫ్రెంచికి ఇటలీ నుంచి, ఇటలీకి అరబ్బీ నుంచి. అరబ్బీలో అది 'మత్రహ్'. అంటే దేన్నైనా కింద పడేసే చోటు. నేల మీద మెత్తలు పడేసుకుని కూర్చునేవాళ్లు కదా, ఆ చోటు పేరే మెత్తకూ, తర్వాత పరుపుకూ వచ్చిందట. అబ్బా చేసే పనికి ఇంత కథ ఉందా అని మురిసిపోయింది. అంతలోనే మూలనున్న చాప కనబడి మనసు చివుక్కుమంది.

ఇబ్రాహీం దూది కొనడానికి మిల్లుకు వెళ్లగానే యాస్మీన్ ఇంట్లో పరుపు విప్పేసి, దుకాణంలోని మిషన్‌లో దూదంతా ఏకింది. తండ్రిని సంతోషపెడదామనే. పరుపులు కుట్టే ఇంట్లో పుట్టిన పిల్ల తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు అది.

ఇబ్రాహీం వచ్చి, దూది కుప్ప చూసి గడపలోనే కూలబడ్డాడు.

"మీ అమ్మీ పన్న గుంత అండ్లనే ఉండె బేటీ," అన్నాడు.

యాస్మీన్‌కు ఏడుపు ఆగలేదు. "నాకు తెల్వలే అబ్బా. నువ్వు కింద పంటుంటే సూడలేక చేసిన."

ఏం చేయాలో తోచక, 'మత్రహ్' గురించి పొద్దున చదివిందంతా చెప్పుకొచ్చింది.

"పడేసే జాగనా?" అన్నాడు ఇబ్రాహీం. "నా నడుము గా జాగల పడేయక ఎన్ని నెలలాయె."

లేచి కుప్ప ముందు కూర్చున్నాడు. దూదిలో చేతులు పెట్టి చాలాసేపు వెతికాడు. ఆమె పడుకున్న వైపు దూది ఏదో, తన వైపుది ఏదో తెలియలేదు. అంతా కలిసిపోయింది.

"గలీబు తే," అన్నాడు. యాస్మీన్ ఆ పాత పరుపు గుడ్డ తెచ్చిచ్చింది.

పొద్దుగూకేలోపు పరుపు కుట్టి, మంచం మీద పరిచి, నడుం వాల్చాడు.

"ఇగ ఎటు పన్నా మీ అమ్మీ పక్కనే," అన్నాడు.