ఏడు మూరల రింగు

నారాయణపేటకు నేను చీరలు కొనడానికి పోలేదు. తొంభైల మొదట్లో, మోకాలికి ఆపరేషన్ అయిన ఎనిమిదో నెలలో, సంచిలో ఒక ఉత్తరం పెట్టుకుని పోయాను. అప్పటికి పదేళ్లుగా హైదరాబాదులో ఒక ఆఫీసు జట్టుకు బాస్కెట్‌బాల్ ఆడి జీతం తీసుకుంటున్నాను. ఇక ఆట చాలించి, నారాయణపేట ఉండే మహబూబ్‌నగర్ జిల్లాకు కోచ్‌గా వస్తావా అని అడిగారు. వస్తానని రాసి కవరు అంటించాను కానీ పోస్టు డబ్బాలో వేయడానికి చెయ్యి రాలేదు. ఎగిరి రింగును అందుకోగలిగితే ఆడాలి, అందకపోతే ఉత్తరం వెయ్యాలి అని నాతో నేనే పందెం కట్టుకున్నాను. భయంతో ఆ ఎగరడాన్ని కూడా వారంవారం వాయిదా వేస్తూ వచ్చాను.

ఇంతలో నల్లగొండలో ఆడపిల్లల పోటీలకు జట్లను చూడమని పిలిచారు. నారాయణపేట జట్టును అక్కడే చూశాను. పిల్లలు బాగా ఉరికారు, బంతి మాత్రం ఒక్కటీ పడలేదు. ప్రతిదీ రింగు దాటి వెనక చెక్కకు కొట్టుకుంది. వాళ్ల డ్రిల్లు మాస్టరు ఖాజా సార్ నా దగ్గరికి వచ్చాడు.

"మా జాగల ఒక్కటి తప్పరు సార్. జర వచ్చి చూడుండ్రి."

ఓడిపోయిన ప్రతి మాస్టరూ అనే మాటే అది. అయినా ఎందుకో సరేనన్నాను.

మర్నాడు, శుక్రవారం పొద్దున అయిదున్నరకు నల్లగొండలో దేవరకొండ బస్సు ఎక్కాను. దేవరకొండలో టీ తాగి, కల్వకుర్తిలో బస్సు మారి, జడ్చర్లలో గంటసేపు నిలబడ్డాను. ఈ దారిన వచ్చేవాళ్లు కల్వకుర్తిలోనే ఏదైనా తినడం మంచిది. నేను తినక జడ్చర్లలో అరటిపళ్లతో సరిపెట్టుకున్నాను. మహబూబ్‌నగర్‌లో నారాయణపేట బస్సు దొరికేసరికి ఒంటిగంట. పక్క సీటులోని అవ్వ నా పొడుగు చూసి ఏం పని చేస్తావని అడిగింది. బంతాట ఆడుతానన్నాను.

"ఆడుకుంటందుకు జీతమిస్తరా బిడ్డా? ఇంకెన్ని రోజులిస్తరు?"

అది తెలియకే తిరుగుతున్నాను. మోకాలు పట్టేసిందని లేచి నిలబడ్డాను.

ఆ రాత్రి ఖాజా సార్ ఇంట్లో జొన్నరొట్టె తిని పడుకున్నాను. శనివారం ఆరింటికి ఒక్కణ్నే గ్రౌండుకు పోయాను. సాలెవాళ్ల వీధి పక్కనే కాబట్టి మగ్గాల చప్పుడు అప్పుడే మొదలైంది. చూసేవాళ్లెవరూ లేరు. మూడుసార్లు ఎగిరాను. మూడుసార్లూ రింగుకు నాలుగు వేళ్ల కిందే ఆగిపోయాను. ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గెందుకు. రోడ్డవతలి పోస్టు డబ్బాలో కవరు వేసి వచ్చాను. భారం దిగిపోతుందనుకున్నాను కానీ దిగలేదు.

పదింటికి పిల్లలు వచ్చారు. జట్టు నాయకురాలు మణెమ్మ రింగుకు ఎదురుగా ఉన్న గీత మీద నిలబడి పన్నెండు బంతులు వేస్తే పన్నెండూ పడ్డాయి. మిగతావాళ్లవీ అంతే. నాకు మతి పోయింది. నల్లగొండలో చూసింది వీళ్లనేనా? బంతి పట్టి చూశాను, బాగానే ఉంది. గీత దూరం అడుగులతో కొలిచాను, సరిగ్గానే ఉంది. చివరికి రింగు ఎవరు బిగించారని అడిగాను. నేనేనంటూ మణెమ్మ తాత సాయన్న ముందుకొచ్చాడు. నేతపని ఆయనది. పుస్తకంలో పది అడుగులని ఉందని ఖాజా సార్ చెబితే, మగ్గం దగ్గర కొలిచే కట్టెతోనే కొలిచాడట. అడుగున్నర ఒక మూర.

"ఆరు మూరల మీద జరంత వచ్చింది సారూ. చీర తక్కువైతే మాటొస్తది గని ఎక్కువైతే ఎవలంటరు? పూరా ఏడు మూరలు పెట్టినం," అన్నాడు గర్వంగా.

ఏడు మూరలంటే పదిన్నర అడుగులు. పిల్లల చేతులు ఆ ఎత్తుకు అలవాటు పడ్డాయి. అందుకే నల్లగొండలో వాళ్ల బంతులు రింగును దాటిపోయాయి. ఆ వెంటనే నా నాలుగు వేళ్లు గుర్తొచ్చాయి. అర అడుగు కిందికి ఉంటే పొద్దున నా చెయ్యి అందేది. నా మోకాలు చెడిపోలేదు. డబ్బా మీద పదకొండున్నరకు ఉత్తరాలు తీస్తారని రాసి ఉంది. అప్పుడు పదకొండు దాటింది. పోస్టుమన్ను బతిమాలుదామని రోడ్డు వైపు నడిచాను కూడా.

అప్పటికే ఖాజా సార్ నిచ్చెన వేసి బోల్టులు విప్పుతున్నాడు. చెక్క ఒక పక్కకు ఒరిగింది. కింద మణెమ్మ నిచ్చెన పట్టుకుని ఉంది. అక్కడ అంత పొడుగున్నవాణ్ని నేనొక్కణ్నే. ఉరికివచ్చి, పక్కనున్న బల్ల ఎక్కి రెండు చేతులతో చెక్కను ఎత్తిపట్టుకున్నాను. అప్పుడే పోస్టుమన్ సైకిలు దిగాడు. డబ్బా తీశాడు. పిలిస్తే ఆగేవాడే. పిలుద్దామని నోరు తెరిచాను.

"సార్, పానా జర గట్టిగ తిప్పుండ్రి," అన్నాను.

ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలియదు. సైకిలు వెళ్లిపోయింది.

రింగును సరైన ఎత్తుకు దించి బిగించాక ఎగిరాను. అరచెయ్యి ఫట్టున రింగుకు తగిలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. బంతి తీసి మణెమ్మ చేతికిచ్చాను. తర్వాత వాళ్లు వేస్తే ఒక్కటీ పడలేదు. మణెమ్మ కళ్లలో నీళ్లు.

"మీరు పోయినంక మల్ల పైకి జరుపుకుంటం సార్."

"జరుపద్దు. వచ్చే ఐతారం నేనొస్త," అన్నాను. అన్నాక గాని నేనేమన్నానో నాకు అర్థం కాలేదు.

రెండింటి బస్సుకు బయల్దేరాను. అర అడుగు కోసం ఆటను పోగొట్టుకున్నానా, ఆ పిల్లల కోసం నేనే వదులుకున్నానా అన్నది జడ్చర్ల దాకా ఆలోచించినా తేలలేదు. కుడి అరచేతిలో రింగు తుప్పు ఎర్రగా అంటుకుని ఉంది. జడ్చర్లలో మళ్లీ అరటిపళ్లే కొన్నాను. చెయ్యి కడుక్కోమని పళ్లమ్మే ఆమె చెంబుతో నీళ్లిచ్చింది. వద్దని, పండును ఎడమ చేత్తోనే తిన్నాను. ఆమెకు అది నచ్చలేదు.

"ఆ చేతికేమైంది కొడుకా?"

"ఏం కాలేదమ్మా," అన్నాను. "మంచిగనే ఉన్నది."