దాపటిది గుంజుతున్నది

బోధన్ బాట మీద చెరకు బండిని గుద్దిన కారు గురించి మా దిక్కు ఇప్పటికీ ఒకే మాట చెప్పుకుంటారు, డ్రైవరు కల్లు తాగి ఉన్నాడని. ఆ డ్రైవరు పోయి కొన్నేళ్లయింది. మొన్న ఒక పెళ్లి పందిట్లో ఎవరో అదే మాట ఆయన కొడుకు ముందే నవ్వుతూ అన్నారు. కొడుకు విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. నేను పక్క వరుసలో తింటూనే ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

పంతొమ్మిది వందల ముప్పైల చివర నేను నిజామాబాద్‌లో, స్టేషన్‌కు పోయే బాట మీద ఒక రేకుల షెడ్డులో కార్లు బాగుచేసేవాణ్ణి. బోధన్ దిక్కు చెరకు తోటలున్న ఒక దొర కారు కూడా మా దగ్గరికే వచ్చేది. దాన్ని నడిపే ఆయన నాకంటే పెద్దవాడు. కారు చేతికి రాకముందు నందిపేట నుంచి పసుపు బండ్లు తోలేవాడు. నేను పట్నంలో, బీడీలు చుట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి. ఎద్దు పగ్గం ఏనాడూ పట్టింది లేదు.

చెరకు కొట్టే కాలంలో ఒక సాయంత్రం ఆయన కారు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు.

"దాపటిది గుంజుతున్నది తమ్మీ. జర సూడు."

బండికి ఎడమ పక్క కట్టేది దాపటి ఎద్దు. అంతవరకు నాకు తెలుసు.

"లోపల ఎద్దులను గట్టినవా ఏందన్నా?" అన్నాను.

"ఎద్దులైతె నీ దాక ఎందుకొస్త? నేనే సదురుకుంటుంటి."

ఇద్దరం నవ్వుకున్నాం.

కారు ఒక పక్కకు లాగుతుంటే చూడవలసినవి కొన్నే. ముందు టైర్లలో గాలి సమంగానే ఉంది. కమాను పట్టీలు విరగలేదు, ఇరుసు జరగలేదు. ఇక మిగిలింది బ్రేకు. బ్రేకు పట్టుకున్న చక్రం వెనకబడుతుంది, కారు ఆ పక్కకే తిరుగుతుంది. ఎడమకు లాగుతోందన్నాడనుకుని ఎడమ చక్రం ఒక్కటే జాకీ మీద లేపి తిప్పాను. తేలిగ్గానే తిరిగింది. అక్కడ ఆగి ఆలోచించవలసింది. రెండో పక్క లేపి చూడడం ఒక బీడీ తాగినంత సేపటి పని. అది చేయకుండా ఎడమ బ్రేకు కడ్డీని ఇంకా వదులు చేశాను. బాట నిండా చెరకు బండ్లు ఉన్నాయని నడిపి కూడా చూడలేదు.

మర్నాడు పొద్దున దొరను ఎక్కించుకోవడానికి పోతూ ఆయన మళ్లీ షెడ్డు దగ్గర ఆగాడు. ఇంకా గుంజుతూనే ఉందన్నాడు. కొత్తగా సదిరిన బ్రేకు, కొంత దూరం పోతే కుదురుకుంటుందని చెప్పాను. ఇద్దరం చాయ్ తాగాం. ఆయన వెళ్లిపోయాడు.

దొరను ఎక్కించుకుని పోతుంటే, బోధన్ ఇంకా రాకముందే ఎదురుగా చెరకు బండి వచ్చింది. ఆయన బ్రేకు తొక్కాడు. ఎడమకు ఒదగవలసిన కారు కుడికి తిరిగి ఆ బండి మీదికే పోయింది. బండివాడు దూకి బతికాడు. ఎద్దు ఒకటి అక్కడే చచ్చిపోయింది. దొరకు నొసలు పగిలింది.

సాయంత్రానికి కారును ఎద్దులతో ఈడ్పించుకుని తెచ్చారు. షెడ్డు దగ్గర మలుపులో ఆ జత కుడి పక్క గోడ మీదికి పోతుంటే, వెనక నడుస్తున్న మనిషి తోలేవాడితో అన్నాడు: "దాపటిది గుంజుతున్నదిరా. దాన్ని ఆపు, గోడకు కొడతవ్."

ఎడమ ఎద్దు ముందుకు ఉరుకుతోంది. జత మొత్తం కుడికి తిరుగుతోంది.

ఎద్దులు తోలినవాడి మాటలో దాపటిది గుంజడమంటే ఇది. కారు కుడికి పోతోందనే ఆయన నాకు చెప్పాడు; ఎడమ బ్రేకు వదులు చేసి నేను దాన్ని ఇంకా కుడికే తిప్పాను. అందరూ పోయాక కుడి చక్రం లేపాను. రెండు చేతులతో తిప్పినా కదలలేదు. గుద్దుకున్నప్పుడు బిగుసుకుందేమో అనుకుందామన్నా, చక్రం లోపలి డ్రమ్ము బ్రేకు రాపిడికి ఎన్నో రోజులుగా కాలి నీలం తిరిగి ఉంది.

మర్నాడు దొర తలకు కట్టుతో వచ్చాడు. ఆయన వెనకే డ్రైవరు.

"బండిల ఏమన్న తప్పున్నదా?"

"ఏం లేదు దొరా. మంచిగనే ఉన్నది."

డ్రైవరు నన్ను నిలదీస్తాడని ఎదురుచూశాను. ఆయన తన అరచేతులు చూసుకున్నాడు.

"అయితె నా చెయ్యే తప్పినట్టుంది," అన్నాడు.

నా మాట నమ్మాడు. కల్లు మాట ఆ తర్వాత దొర ఇంటి నుంచే పుట్టింది. కాదని గట్టిగా చెప్పడానికి ఆయన దగ్గర వేరే కారణం లేదు, ఉన్న ఒక్క కారణం నేను దాచాను. కొలువు పోయి నందిపేటకు తిరిగిపోయాడు. అక్కడ బండి కూడా తోలలేదట. పగ్గాలు ఇంకొకరి చేతికిచ్చి పక్కన నడిచేవాడట.

చాలా ఏళ్లకు పసుపు అంగట్లో కనిపించాడు. మంచీ చెడ్డా మాట్లాడి, పోబోతూ ఆగాడు.

"తమ్మీ, గా దినం నేను బ్రేకే తొక్కిన్నా? నీకేమనిపిస్తది?"

ఎప్పటి సంగతో, ఎవరికి గుర్తుందన్నా అన్నాను.

తొక్కింది బ్రేకే. ఆ పొద్దున ఆయన తాగింది నాతో కలిసి చాయ్. ఆయన చెయ్యి తప్పలేదు. పెళ్లి పందిట్లో ఆయన కొడుకు వెనకే లేచి ఈ మాట చెప్పవలసింది. విస్తరిలో అన్నం అయిపోయేదాకా కూర్చున్నాను.