మేనత్త కట్టిన మూటలు

మా మేనత్త పోయిందని గద్వాల నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను వనపర్తి బజారులో మెరుపు కాగితాల దుకాణం ముందు నిలబడి ఉన్నాను. తెలిసినవాళ్ల గృహప్రవేశానికి గోడగడియారం కొన్నాను, దాన్ని చుట్టించాలి. "అక్కా, ఎర్రదా, బంగారు రంగుదా?" అని దుకాణదారు అడుగుతున్నాడు. ఫోన్లో మేనబావ, అంటే ఆమె కొడుకు, ఏడుస్తున్నాడు. "ఉత్త జ్వరమే గదా అని దవాఖానకు తోల్కపోయినం. అమ్మ మల్ల ఇంటికి రాలే." ఏ రంగు చెప్పానో, అసలు చెప్పానో లేదో! గడియారం అక్కడే వదిలేసి గద్వాల బస్సెక్కాను.

ఆ కాగితం ముందర నన్ను చూసి ఉంటే ఆమె ఊరుకునేది కాదు. "గా కాగితానికి సప్పుడెక్కువ. చింపంగనె చెత్తల పడ్తది. ఇచ్చినోళ్ల చెయ్యి దాంట్ల ఏడున్నది?" అనేది. బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆమె కొన్న వస్తువు ఎవరికైనా ఇవ్వడం నేను చూడలేదు. అంతా తన చేత్తో చేసిందే, తన చేత్తో కట్టిందే.

ఆమెది మగ్గం ఇల్లు. జీవితమంతా పట్టంచు చీరలకు దారం కండెలు చుట్టింది, తాను కట్టింది మాత్రం నూలు చీరలే. మగ్గం మీంచి చీర దించాక నిలువు దారాల, అంటే పడుగు పోగుల, కొసలు జానెడు జానెడు మిగిలిపోతాయి. ఎవరికీ పనికిరానివి. వాటిని రంగుకు రంగు ఏరి డబ్బాలో దాచేది. తీరిక దొరికితే చాలు, వాటిని జడలల్లి తాళ్లు చేసేది, కుచ్చులు కట్టేది, సంచులు కుట్టేది. పాత పంచెలు చించి పసుపు నీళ్లలో ముంచి ఆరేసేది. అదే ఆమె చుట్టే కాగితం. చిన్నవైతే మోదుగాకుల్లో పెట్టి, విస్తరి కుట్టినట్టు పుల్లలు గుచ్చేది.

మా నాన్న నేత వదిలి వనపర్తిలో బట్టల దుకాణంలో పనికి కుదిరాడు కాబట్టి, ఆమె మా దగ్గరికి బస్సులో వచ్చేది. ఒళ్లో ఎప్పుడూ ఒక మూట. ఒకసారి ఆమె వెంట నేనూ ఉన్నాను. కండక్టర్ తొంగిచూసి, "ఏంది పెద్దమ్మా, రొట్టెలా? జర మాకూ పెట్టరాదు" అన్నాడు. "రొట్టెలే నాయినా, తింటె పండ్లు ఊడ్తయి మరి" అంది. బస్సంతా నవ్వింది. ఆ మూటలో ఉన్నది నా పలక సంచి. ఏడు రంగుల చారలు, మూలకో కుచ్చు. బళ్లో అందరూ ఎక్కడ కొన్నావని అడిగితే, ఎక్కడా దొరకదని చెప్పుకుని ఎంత మురిసిపోయానో!

ఆమె దగ్గర ఒక్కటే షరతు. మూట ఆమె ముందే విప్పాలి. ఇచ్చేసి పోయే రకం కాదు. ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చునేది. "నా ముంగట్నే ఇప్పు బిడ్డా. ఇప్పేటప్పుడు నీ మొఖం చూడాలె. గదే నాకు కూలి" అనేది. వస్తువు వైపు చూసేదే కాదు, మన మొహమే చూసేది. కట్టేది ఎప్పుడూ జారుముడి. కొస పట్టి గుంజితే చాలు, మూట దానంతటదే విచ్చుకునేది. పీటముడి వేసిన వాళ్లను చూస్తే ఆమెకు మంట. "ఇచ్చేదానికి గట్ల బిగిస్తరా? ఇప్పలేక తిట్టుకుంటరు" అని గొణిగేది.

నా బిడ్డ పెళ్లిలో మాత్రం ఆమె లెక్క తప్పింది. మా వియ్యపురాలిది బిజినేపల్లి దగ్గర వ్యవసాయ కుటుంబం. ఆమె కోసం మేనత్త ఒక చేతిసంచి కుట్టి, అలవాటు ప్రకారం పసుపు గుడ్డలో కట్టి ఇచ్చింది. అప్పగింతల హడావిడిలో తన ముందు విప్పించడం మేనత్తకు కుదరలేదు. పెళ్లికూతురికి పోసిన ఒడిబియ్యమూ పసుపు గుడ్డలోనే కట్టాం కదా. రెండు మూటలూ పక్కపక్కనే బండెక్కాయి. ఒడిబియ్యం వండుకునే రోజు మా వియ్యపురాలు మొదటి మూట గిన్నెలో పోసి, రెండోదాని ముడి కూడా గుంజి, చూడకుండానే నీళ్లలో గుమ్మరించింది. వెంటనే నాకు ఫోన్. "వదినె, మీ మేనత్త బియ్యానికి కుచ్చులు కుట్టిందేందే! కడుగుతుంటె చేతికి చుట్టుకున్నయి!" నాకు నవ్వాగలేదు. మేనత్తకు చెబితే ఆమె అడిగింది ఒక్కటే: "గామె నవ్విందా లేదా?" నవ్విందని చెప్పాను. "అయితె నా కూలి ముట్టింది" అంది.

నా బిడ్డ కడుపుతో ఉందని తెలిసినప్పటి నుంచి మేనత్త కాలు నిలవలేదు. తన నూలు చీరలు తీసి బొంత కుట్టడం మొదలుపెట్టింది. నేను గద్వాల పోయినప్పుడు వాకిట్లో పరుచుకుని కూర్చుని ఉంది. నీరెండలో సూది కనిపించక కళ్లు చికిలించి కుడుతోంది. జరీ ముక్క ఒక్కటైనా వెయ్యరాదా అత్తా, అందంగా ఉంటుంది కదా అన్నాను. "అందం నీకా, పిల్లకా? జరీ గుచ్చుకుంటది. పసిదానికి మెత్తగుండాలె" అని కసిరింది. కట్టి కట్టి, ఉతికి ఉతికి పాలమీగడలా అయిన చీరలవి. నేను ఒక మూల ఎత్తి చూడబోతే చేతి మీద ఒక్కటేసింది. "కట్టి పెడ్త. నేనొచ్చేదాంక ముట్టకు."

ఆమె రాలేదు. కర్మ అయిపోయాక మేనబావ ఆ మూట తెచ్చి ఇచ్చాడు. "అమ్మ నీ కోసమే కట్టి పెట్టింది. ఎవ్వర్నీ ముట్టనియ్యలే" అన్నాడు. పసుపు గుడ్డ, ఎర్ర పోగుల తాడు, జారుముడి. అలమారాలో పెట్టాను. కానుపుకొచ్చిన నా బిడ్డ, "అమ్మా, అవ్వ కట్టింది ఇప్పుదామే" అని రోజూ అడిగేది. నాకు చేతులు రాలేదు. ఎదురుగా కూర్చుని మొహం చూసేది ఎవరు? అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి వచ్చిపడింది. మనవరాలు పుట్టాక చూడ్డానికొచ్చిన వియ్యపురాలు మూట సంగతి విని మొహం చిన్నబుచ్చుకుంది. "వదినె, ఏమనుకోకు. పోయినామె బట్ట పసిగుడ్డు మీద ఎందుకు? తుంగభద్రల ఇడ్సిపెట్టు" అంది.

గొడవెందుకని అలమారా తలుపు మూసేశాను. ఆమె చెడ్డది కాదు, ఆమె భయం ఆమెది. కానీ ఆ రాత్రంతా ఒకటే అనిపించింది. మేనత్తను ఒకసారి సాగనంపాను, రెండోసారి నా చేత్తో నదిలో ఎలా వదలను? అత్తా, నువ్వు రావాల్సింది. వచ్చి నాలుగు మాటలు అని ఉంటే అయిపోయేది.

పిల్లను తొట్టెలలో వేసే వేడుక నాడు ఇల్లు నిండా మెరుపు కాగితాలే. ఒక్కొక్కటీ చింపుతుంటే ఆ సప్పుడుకు పిల్ల ఉలిక్కిపడి గుక్కపట్టింది. ఎవరో తెచ్చిన దుప్పటి కప్పితే ఇంకా ఏడ్చింది. ఎత్తుకున్నా, ఊపినా ఆగలేదు. అప్పుడు వియ్యపురాలు నా పక్కకొచ్చి మెల్లగా అడిగింది.

"వదినె, గా మూట ఏది? నదిల ఇడ్సినవా?"

"లేదు."

"ఇడ్వకు. గా మాట అన్న సంది మనసొప్పుతలేదు. మా అత్త పోయినప్పుడు ఆమె చీర నేనెవ్వరికీ ఇయ్యలే. ఇయ్యాల్టికీ నా బీరువలనే ఉన్నది. పరేషాన్ల ఉన్ననాడు తీసి మీదేసుకుంట. మరి నేనే నిన్ను వద్దంటి, సూడు!"

మూట తెచ్చి తొట్టెలలో పిల్ల పక్కన పెట్టాను. పిల్ల ఏడుస్తూ చేతులు ఆడిస్తోంది. వియ్యపురాలు తాడు కొస తీసి ఆ చిన్న అరచేతిలో పెట్టింది. పసిపిల్లలకు ఏది దొరికినా పట్టుకోవడమే కదా. పిడికిలి మూసుకుంది. ఒళ్లు విరుచుకుంటూ చెయ్యి వెనక్కి లాక్కుంది. ముడి జారింది. గుడ్డ విచ్చుకుంది. పసుపు వాసన, గంజి వాసన, మా మేనత్త వాసన! అందరూ బొంత చూస్తున్నారు, మెత్తదనం తడిమి చూస్తున్నారు. నేను పిల్ల మొహం చూస్తూ భోరుమన్నాను.

బొంతలో చుట్టి పడుకోబెడితే కాసేపటికి ఏడుపు తగ్గింది. తాడు తీసేద్దామని నా బిడ్డ ఆ వేళ్లు విడదీయబోయింది. రాలేదు. వియ్యపురాలు ప్రయత్నించింది, రాలేదు. ఇద్దరూ నవ్వుకుని వదిలేశారు. పిల్ల పాలు తాగింది, నిద్రపోయింది. నిద్రలోనూ పిడికిలి సడలలేదు, ఎర్ర తాడు కొస బయటికి వేలాడుతూనే ఉంది.